మీ పరిశోధన పేపర్లో సరిగ్గా రావాలంటే: ఒక పాత డెస్కు మనిషి చెప్పే దారి

జిల్లా పేజీల్లో యూనివర్సిటీ వార్త అంటే చాలాకాలంగా ఒకటే రకం. సింగిల్ కాలమ్, పాస్‌పోర్టు సైజు ఫొటో, పైన "ఫలానా వారికి డాక్టరేట్" అని హెడింగ్. కింద ఏ ఊరు, ఏ శాఖ, ఎవరి పర్యవేక్షణ అన్నది నాలుగు లైన్లు. థీసిస్ పేరు ఇంగ్లిషులో ఎలా ఉందో అలాగే తెలుగు అక్షరాల్లోకి దించితే అదే రెండు లైన్లు తినేస్తుంది. చివర్లో "పలువురు అభినందించారు". ఓ తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో ఉన్న రోజుల్లో ఇలాంటివి వందల కొద్దీ దిద్దాను. ఆ మనిషి అయిదారేళ్లు కూర్చుని ఏం కనుక్కున్నాడన్నది మాత్రం వాటిల్లో ఎక్కడా ఉండేది కాదు. ప్రెస్ నోటులో లేదు కాబట్టి మేం రాయలేదు. పేపరోళ్లు ఎలాగూ రాయరు కాబట్టి వాళ్లు ప్రెస్ నోటులో పెట్టలేదు.

దీనికి అవతలి కొసన ఇంకో రకం ఉంది: "క్యాన్సర్‌కు చెక్", "షుగర్‌కు ఇక సెలవు". ఆ తప్పు నేనూ చేశాను. ఓ రాత్రి ఒక కాలేజీ నుంచి వచ్చిన నోటులో ఏదో ఆకు రసం షుగర్‌ను తగ్గిస్తోందని ఉంది. పేజీ పైభాగంలో ఖాళీ ఉంది. "మధుమేహానికి మందు దొరికింది" అని నాలుగు కాలమ్‌ల హెడింగ్ పెట్టేశాను. ప్రయోగం జరిగింది ఎలుకల మీద. ఆ ముక్క నోటు మూడో పేజీలో ఉందట, నేను మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాను. మర్నాడు ఆ పరిశోధన చేసిన మేడమ్‌కు తెల్లవారుజాము నుంచే ఫోన్లు, ఆ ఆకు ఎక్కడ దొరుకుతుందని. ఒకాయన ఇన్సులిన్ మానేయొచ్చా అని అడిగాడట.

ఆవిడ నన్ను తిట్టలేదు. "ఎలుకలు అన్న మాట మొదటి లైన్లో పెట్టాల్సింది నేనేనండీ" అన్నారు. తప్పు నాది కూడా, ఒప్పుకుంటాను. కానీ ఆవిడ మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది. పేపర్లో కనిపించే పొరపాట్లలో చాలావాటికి విత్తనం పరిశోధకుల బల్ల మీదే పడుతుంది. ఏరేయడం కూడా అక్కడే తేలిక. కింద రాసిందంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

1. ఇది వార్తేనా, ఇప్పుడే చెప్పొచ్చా

"మా వ్యాసం స్కోపస్ జర్నల్‌లో వచ్చింది సార్, కాస్త వేయండి" అని ఫోన్లు వచ్చేవి. అది మీకు పండగే, ప్రమోషన్‌కు పాయింట్లు కూడా. పాఠకుడికి మాత్రం వార్త కాదు. మీ పరిశోధన గురించి ఊళ్లో మీ మేనత్తకు చెప్పి చూడండి. అంతా విని "అయితే ఏంట్రా?" అంటుంది. దానికి మీ దగ్గర జవాబు ఉంటే వార్త ఉన్నట్టే.

రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనే వరి వంగడం విడుదల చేసింది. ఆ నంబరు ఎవరికీ గుర్తుండదు. తెలంగాణ సోనా అంటే మాత్రం రైతుకూ తెలుసు, బియ్యం కొట్టులోనూ తెలుసు. సన్న గింజ, తక్కువ పంటకాలం, గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే సూచీ) తక్కువ. ఈ మూడోదే దాన్ని వార్త చేసింది, ఎందుకంటే షుగర్ మనిషి లేని ఇల్లు ఇప్పుడు అరుదు. ఈ బియ్యం కథ మళ్లీ చెప్పుకుందాం, అందులో పాఠం ఉంది.

వార్తలా కనిపించి పరువు తీసేవి కొన్ని ఉన్నాయి. ఒకటి, "నోబెల్‌కు నామినేట్ అయిన మన ప్రొఫెసర్". నోబెల్ నామినేషన్ల వివరాలు 50 ఏళ్ల దాకా బయటపెట్టరు. అలాంటి నోటు మీ పేరుతో వెళితే తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. రెండోది, ఏటా వచ్చే "ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తలు". స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ అయొనిడిస్ బృందం, మిగతావాళ్లు మన వ్యాసాలను ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్కలతో తయారుచేసే జాబితా అది. అందులో పేరుంటే సంతోషమే. "స్టాన్‌ఫర్డ్ అవార్డు" అని మాత్రం రాయించుకోకండి.

మూడోది కాస్త ప్రమాదకరం: ప్రిప్రింట్, అంటే ఇంకా ఎవరూ పరీక్షించకముందే, జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే పత్రం. 2020 జనవరి 31న ఢిల్లీ ఐఐటీ, ఢిల్లీ యూనివర్సిటీ పరిశోధకులు బయోఆర్కైవ్ అనే ప్రిప్రింట్ల వెబ్‌సైట్‌లో ఒక పత్రం పెట్టారు. కొత్త కరోనా వైరస్ స్పైక్ ప్రొటీన్‌లోని నాలుగు చిన్న ముక్కలకు హెచ్‌ఐవీతో పోలిక ఉందన్నది దాని సారం. అలాంటి చిన్న ముక్కలు ఎన్నో జీవుల్లో కనిపిస్తాయని మిగతా శాస్త్రవేత్తలు వెంటనే ఎత్తి చూపారు. రెండు మూడు రోజుల్లోనే రచయితలు పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. కానీ "ల్యాబ్‌లో తయారైన వైరస్" అన్న ప్రచారానికి అప్పటికే అదొక ఆధారమైపోయింది. పత్రాన్ని వెనక్కి తీసుకోవచ్చు గానీ వాట్సాప్‌ను తీసుకోలేం. కాబట్టి తోటి నిపుణుల సమీక్ష పూర్తయ్యేదాకా ఆగండి. ఆగలేని అవసరం ఉంటే, అంటే జబ్బో వరదో ముంచుకొస్తుంటే, "ఇది ఇంకా సమీక్ష కాలేదు" అన్న వాక్యం మొదటి పేరాలోనే పెట్టండి.

ఇంకో రెండు విషయాలు చిన్నవే అయినా తర్వాత తల పట్టుకునేలా చేస్తాయి. పేటెంట్ ఆలోచన ఉంటే దరఖాస్తు చేశాకే పేపరుకు వెళ్లండి. ముందే వివరాలన్నీ అచ్చులో వస్తే కొత్తదనం లేదని దరఖాస్తును కొట్టేయొచ్చు. జర్నల్ వాళ్లు ఫలానా రోజు, ఫలానా గంట దాకా బయటపెట్టొద్దని ఎంబార్గో పెట్టి ఉంటే అదీ చూసుకోండి.

2. నాలుగు వాక్యాలు, తెలుగులో

అసలు పని ఇదే. మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

మీలో చాలామంది పరిశోధన ఇంగ్లిషులో చేస్తారు, ఇంగ్లిషులోనే ఆలోచిస్తారు. రిపోర్టర్ అడిగినప్పుడు అప్పటికప్పుడు తెలుగులోకి మార్చబోయి ఇరుక్కుంటారు. మీరు వదిలేసిన ఖాళీని అవతలివాళ్లు తమకు తోచింది పెట్టి నింపుతారు. అందుకే ఎవరూ అడగకముందే ఓ కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పెట్టుకోండి.

మొదటిది: ఏం కనుక్కున్నాం. రెండోది: దేని మీద, ఎందరి మీద చూశాం. మూడోది: ఎవరికి, ఎలా పనికొస్తుంది. నాలుగోది: దీన్నిబట్టి ఏం అనకూడదు.

నాలుగోదే ఎవరూ రాయరు. తెలంగాణ సోనా విషయంలో రాస్తే ఎలా ఉంటుందో చూద్దాం.

"ఈ బియ్యంతో వండిన అన్నం తింటే రక్తంలో చక్కెర మామూలు అన్నం కన్నా నెమ్మదిగా పెరుగుతుంది. పరగడుపున ఉన్న వాలంటీర్లకు 50 గ్రాముల పిండిపదార్థం అందేలా అన్నం పెట్టి, రెండు గంటల పాటు రక్తంలో చక్కెర ఎలా మారిందో కొలిచి, గ్లూకోజ్‌తో పోల్చి చూసే పరీక్షలో దీని సూచీ 51 చిల్లర వచ్చింది, 55 లోపు ఉంటే తక్కువ అంటారు. అన్నం మానలేని షుగర్ రోగులకు ఇది కొంత మేలైన ఎంపిక. ఇది మందు కాదు, దీంట్లోనూ పిండిపదార్థమే ఉంది, ఎక్కువ తింటే చక్కెర పెరుగుతుంది."

ఆ చివరి వాక్యం లేకపోతే ఏమవుతుందో మా వీధి బియ్యం కొట్టులోనే చూశాను. అట్ట మీద "షుగర్ లేని బియ్యం" అని రాసి పెట్టాడు. "బాబాయ్, కడుపు నిండా తినండి, ఏం కాదు" అని పెద్దాయనకు భరోసా కూడా ఇస్తున్నాడు. గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువ అన్నది చక్కెర లేదుగా మారడానికి మధ్యలో ముగ్గురు మనుషులు చాలు.

కారణం చెప్పే మాటల దగ్గర జాగ్రత్త. "వల్ల" అన్న రెండక్షరాలు తెలుగు పేపర్లలో చేసినంత నష్టం ఇంకేదీ చేయలేదని నా అభిప్రాయం. "రాత్రి ఆలస్యంగా తినేవాళ్లలో బీపీ ఎక్కువగా కనిపించింది" అన్నది ఒకటి. "ఆలస్యంగా తినడం వల్ల బీపీ వస్తుంది" అన్నది ఇంకొకటి. ఆలస్యంగా తినేవాళ్లు నైట్ డ్యూటీ మనుషులు కావొచ్చు, నిద్ర చాలని వాళ్లు కావొచ్చు. మీరు చూసింది రెండూ కలిసి ఉండటమే అయితే "కనిపించింది", "సంబంధం ఉన్నట్టు తేలింది" దగ్గరే ఆగండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద ఎన్ని బృందాలు పనిచేశాయో తెలిసిందే. నీళ్లన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడమన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఒక్కో అధ్యయనం వచ్చినప్పుడల్లా "గుట్టు వీడింది" అని హెడింగ్. ఇదొక్కటే కారణమని గట్టిగా తేల్చినవాళ్లు లేరు. అక్కడి జనం "తేలింది" అన్న మాట విని విని విసిగిపోయారు.

"ఎందరి మీద" అన్నది దాచొద్దు. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజమ్‌కూ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పత్రం 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది. అందులో చూసింది 12 మంది పిల్లలను. ఆ సంఖ్య ప్రతి హెడింగ్ పక్కనా ఉండుంటే ఎంతమంది తల్లులు భయపడేవాళ్లు? లాన్సెట్ ఆ పత్రాన్ని రద్దు చేసేసరికి 2010 వచ్చింది.

3. అంకెలను ముందే వండి పెట్టండి

డెస్కులో రాత్రి తొమ్మిదింటికి 3.4 మిలియన్‌ను లక్షల్లోకి మార్చే మనిషి నిద్రమత్తులో ఉంటాడు. ఒక సున్నా అటో ఇటో పోవడం నేను చాలాసార్లు చూశాను. 34 లక్షలు అని మీరే రాసివ్వండి. హెక్టారుకు టన్నుల్లో ఉన్న దిగుబడిని ఎకరాకు క్వింటాళ్లలోకి మార్చండి. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు. ఇంకా బాగా చెప్పాలంటే ఎకరాకు ఎన్ని బస్తాలో, బస్తా ఎన్ని కిలోలో చెప్పండి. రైతు పేజీ చదివేవాడు పెదాలు కదుపుతూ లెక్క వేసుకునేది బస్తాల్లోనే.

శాతాల విషయంలో ఒకటే సూత్రం: మొదట తలలు, తర్వాత శాతం. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ముగ్గురికి వస్తే, "ముప్పు 50 శాతం పెరిగింది" అనడం అబద్ధం కాదు. కానీ చదివినవాడికి తనలో సగం పోయినట్టుంటుంది. "వెయ్యికి ఇద్దరు ఉండేవాళ్లు ముగ్గురయ్యారు" అని మీరే ముందు చెబితే టెన్షన్ ఉండదు.

ఒకే పరిశోధనలో రెండు మూడు పెద్ద అంకెలు ఉంటే, అవి ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా కట్టి ఇవ్వాలి. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిలో కరోనా వైరస్ ఆనవాళ్లను కొలిచి అంచనా ప్రకటించారు. నగరంలోని 80 శాతం శుద్ధి కేంద్రాలకు వచ్చే నీటిని బట్టి 2 లక్షల మంది వైరస్‌ను విసర్జిస్తున్నట్టు లెక్క. నగరం మురుగులో శుద్ధి కేంద్రాలన్నిటికీ కలిపి చేరేది 40 శాతమే కాబట్టి మొత్తానికి హెచ్చవేస్తే సుమారు 6.6 లక్షలు, అంటే జనాభాలో 6 శాతం దాకా. జబ్బు తగ్గాక కూడా కొన్నాళ్లు వైరస్ ఆనవాళ్లు మలంలో వెళుతూనే ఉంటాయి కనుక, అది 35 రోజుల కాలంలో సోకినవారి లెక్క. ఆ సమయానికి ఇంకా వైరస్ ఉన్నవాళ్లు దాదాపు 2.6 లక్షలని వేరే అంచనా. మూడు అంకెలూ నిజమే, మూడింటి అర్థాలూ వేరు. ఇలాంటిచోట ఏ అంకె హెడింగ్‌లోకి వెళ్లాలో మీరే నిర్ణయించి, మిగతా రెండూ దాని కింద ఎలా కూర్చుంటాయో చెప్పాలి. లేకపోతే ఒక పేపర్లో 2 లక్షలు, ఇంకోదాంట్లో 6 లక్షలు కనిపించి, "శాస్త్రవేత్తలకే క్లారిటీ లేదు" అంటారు జనం.

4. ప్రెస్ నోటు

ప్రెస్ నోటులో కాస్త ఉప్పూకారం దట్టించకపోతే ఎవరూ వేయరని చాలామంది పీఆర్వోల నమ్మకం. దీని మీదే ఒక మంచి పరిశోధన ఉంది. కార్డిఫ్ యూనివర్సిటీ బృందం 20 బ్రిటిష్ యూనివర్సిటీలు 2011లో ఇచ్చిన 462 ఆరోగ్య ప్రెస్ నోట్లను, వాటి అసలు పత్రాలతోనూ, పేపర్లలో వచ్చిన వార్తలతోనూ పోల్చి 2014లో బీఎంజే అనే వైద్య జర్నల్‌లో ప్రచురించింది. జంతువుల మీద చేసిన పరిశోధనను మనుషులకు అంటగట్టడం 36 శాతం నోట్లలోనే ఉంది, అంటే రిపోర్టర్ చేతికి రాకముందే. నోటులో ఆ అతి ఉన్నప్పుడు 86 శాతం వార్తల్లోనూ ఉంది. నోటు నిజాయతీగా ఉన్నప్పుడు 10 శాతం వార్తల్లోనే కనిపించింది. ఉప్పూకారం దట్టించిన నోట్లకు కవరేజీ పెరిగిందన్న ఆధారం కూడా పెద్దగా దొరకలేదు. ఈ లెక్క చదివిన రోజు నాకు ఆ ఎలుకల హెడింగ్ గుర్తొచ్చింది.

నోటు ఒక్క పేజీ దాటొద్దు. హెడింగ్ మీరే పెట్టండి. మా డెస్కు వాళ్లకు హెడింగ్ నచ్చితే మార్చరు, బద్ధకం మన జాతీయ గుణం. మొదటి పేరాలో మీ నాలుగు వాక్యాల్లోని మొదటి రెండూ, రెండో పేరాలో మిగతా రెండూ పెట్టండి. తర్వాత మీ మాటగా కొటేషన్ ఒకటి, అది మనిషి మాట్లాడినట్టు ఉండాలి. "ఈ పరిశోధన సమాజానికి ఎంతగానో ఉపయోగపడుతుందని ఆశాభావం వ్యక్తం చేశారు" అన్నది కొటేషన్ కాదు, శుభలేఖ. చివర జర్నల్ పేరు, డబ్బు ఇచ్చిన సంస్థ, ఫోన్ నంబరు ఇవ్వండి. పురుగుమందుల కంపెనీ డబ్బుతో పురుగుమందు మీద చేసిన పరిశోధన అయితే ఆ సంగతి మీరే చెప్పండి. తర్వాత వేరేవాళ్లు బయటపెడితే అదే వార్త అవుతుంది.

ఇక మామూలు సంగతులు. యూనికోడ్‌లో టైపు చేసి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో అతికించండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ పంపితే దాన్ని చూసి మళ్లీ టైపు చేయాలి, అక్కడే "సోడియం" కాస్తా "సోడియా" అవుతుంది. అను ఫాంట్‌లో కొట్టిన ఫైలు ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. మీ పేరు తెలుగులో ఎలా రాయాలో, హోదా ఏమిటో విడిగా ఇవ్వండి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను ప్రొఫెసర్ అని వేస్తే స్టాఫ్‌రూమ్‌లో మీకే ఇబ్బంది. సాయంత్రం నాలుగు లోపు పంపండి, ఆరు దాటితే జిల్లా పేజీల్లో చోటు నిండిపోతుంది. ఎడిటర్‌కు పంపితే గొప్ప అనుకోకండి. మీ క్యాంపస్ వార్తలు చూసే రిపోర్టరో, స్ట్రింగరో ఉంటారు, వాళ్లకు పంపండి. అంతకన్నా ముందు మీ యూనివర్సిటీలో మీడియాతో మాట్లాడటానికి రిజిస్ట్రార్ అనుమతి కావాలేమో కనుక్కోండి.

ఫొటో గురించి ఒక్క మాట. శాలువా కప్పుకుని పద్నాలుగు మంది నిలబడ్డ ఫొటో వద్దు. పొలంలోనో ల్యాబ్‌లోనో పనిచేస్తున్న ఫొటో పంపండి. అందులో ఆ పని నిజంగా చేసిన స్కాలర్ ఉండాలి. మూడేళ్లు ఎండలో శాంపిళ్లు మోసిన అమ్మాయి పేరు వార్త మొత్తంలో ఎక్కడా లేకుండా, వీసీ గారి ఫొటో మాత్రం మూడు కాలమ్‌లలో వచ్చిన వార్తలు నేనే ఎన్నో పేజీలో పెట్టాను. నోటులో ఆమె పేరు రెండో లైన్లో ఉంటే మేం తీసేసేవాళ్లం కాదు.

5. ఫోన్ మోగినప్పుడు

"సార్ నమస్తే, రేపటి పేపర్‌కు భూకంపాల మీద చిన్న ఐటమ్ సార్. హైదరాబాద్‌కు ప్రమాదం ఉందా? ఒక్క ముక్క చెప్పండి, పేజీ వెళ్లిపోతోంది."

నిపుణుడిగా మీ పేరు ఒకసారి వస్తే ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. వెంటనే ఆ ఒక్క ముక్కా చెప్పేయకండి. "ఏ పేపర్ నుంచండీ? ఎన్నింటిలోపు కావాలి? ఇంకెవరితో మాట్లాడారు?" అని అడిగి, "పదిహేను నిమిషాల్లో నేనే చేస్తాను" అనండి. చేయండి కూడా. చేస్తానని చేయని ప్రొఫెసర్ నంబరును రిపోర్టర్ మళ్లీ తీయడు. ఆ పదిహేను నిమిషాల్లో రెండు వాక్యాలు రాసుకోండి.

మీ సబ్జెక్టు కాకపోతే "ఇది నా పని కాదు, ఎన్‌జీఆర్‌ఐలో దీని మీద పనిచేసేవాళ్లను అడగండి" అనడంలో చిన్నతనం లేదు. మన దగ్గర ప్రొఫెసర్ అన్న మాటకు ఉన్న గౌరవం వల్లే ఒకరే మనిషి సోమవారం వరదలు, బుధవారం రూపాయి విలువ, శుక్రవారం ఎన్నికల మీద మాట్లాడేస్తున్నారు. ఆ మర్యాద ఎక్కువ రోజులు నిలవదు. వేరే మంచి నంబరు ఇచ్చినవాళ్లను రిపోర్టర్లు గుర్తుపెట్టుకుంటారు, నా డైరీలో అలాంటి నలుగురి పేర్లు ఎర్ర ఇంకుతో ఉండేవి.

"ఇది రాయకండి గానీ" అని మొదలుపెట్టే మాట ముందుగా ఒప్పందం చేసుకుని చెప్పాలి. చెప్పేశాక "అది రాయొద్దు బాబూ" అంటే వినాలన్న నియమం లేదు. అచ్చుకు ముందు వార్త మొత్తం చూపించమని అడగకండి, చూపించరు, పైగా నొచ్చుకుంటారు. "నా మాటలు, అంకెలు ఒకసారి చదివి వినిపిస్తారా?" అంటే చాలామంది వినిపిస్తారు. ఫోన్ పెట్టేశాక అవే రెండు వాక్యాలు వాట్సాప్‌లో పంపండి. రేపు గొడవ వస్తే అదే మీ సాక్ష్యం.

6. టీవీ, యూట్యూబ్

పేపర్‌కు ఆరు గంటలు టైం ఉంటే టీవీకి ఆరు నిమిషాలు ఉంటుంది. 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. బాధితులు 500 దాటారు. ఢిల్లీ ఎయిమ్స్, సీసీఎంబీ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి ఎవరి శాంపిళ్లు వాళ్లు తీసుకెళ్లారు. ఒకరోజు రక్తంలో సీసం, నికెల్ అన్నారు. చివరికి నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గారు. పరీక్షలు ఇలాగే నడుస్తాయి, ఒకదాని తర్వాత ఒకటి తేలుతూ. కానీ టీవీ ముందు కూర్చున్నవాళ్లకు అది పూటకో మాటలా వినిపించింది. అలాంటి రోజు మీకు మైకు పెడితే మూడు ముక్కలుగా చెప్పండి: ఇప్పటికి తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, తెలిసేదెప్పుడు. "ఫలితాలు రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది, అప్పటిదాకా ఈ జాగ్రత్త తీసుకోండి" అన్నది మంచి బైట్. అది ఇరవై సెకన్లే, ఎడిటింగ్‌లో కోయడానికి ఏమీ మిగలదు.

యాంకర్ "ఒక్క మాటలో చెప్పండి సార్, అవునా కాదా?" అంటారు. ఒక్క మాటలో చెప్పలేనిదాన్ని చెప్పకండి. "ఒక్క మాటలో చెబితే తప్పవుతుందండీ, రెండు మాటల్లో చెబుతాను" అని నవ్వుతూ అనేవాళ్లను ఎవరూ కసురుకోరు. డిబేట్‌కు పిలిస్తే ఇంకెవరెవరు వస్తున్నారో ముందు అడగండి. నాలుగు పార్టీల అధికార ప్రతినిధుల మధ్య కూర్చుంటే మీ పరిశోధన ఎవరో ఒకరి చేతిలో కర్ర అవుతుంది. ఆ రోజు ఏదో పని ఉందని చెప్పడమే మేలు.

ఇంటి నుంచి లైవ్ అయితే గది తలుపు గడియ పెట్టండి. 2017 మార్చిలో దక్షిణ కొరియాలోని పుసాన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ కెల్లీ బీబీసీలో గంభీరంగా రాజకీయాలు విశ్లేషిస్తుంటే, వెనక నుంచి పాప గంతులేస్తూ వచ్చింది, దాని వెనక వాకర్‌లో బుడ్డోడు. ఆయన చెప్పిన విశ్లేషణ ఎవరికీ గుర్తులేదు.

యూట్యూబ్ ఛానళ్లకు మాట్లాడేముందు థంబ్‌నెయిల్ ఏం పెడతారో అడగండి. నలభై నిమిషాలు ఎంత జాగ్రత్తగా మాట్లాడినా, "మీరు తినే అన్నమే మిమ్మల్ని చంపేస్తోంది" అన్న ఎర్రక్షరాల పక్కన మీ మొహం ఉంటే జనం చూసేది అదే.

7. అచ్చయ్యాక

తప్పు వస్తే ఫేస్‌బుక్‌లో ఎక్కకండి. ముందు రిపోర్టర్‌కు ఫోన్ చేయండి. చాలాసార్లు తప్పు అతనిది కాదు, హెడింగ్ పెట్టింది నాలాంటి వాడు. "వార్త బాగుంది బాబూ, హెడింగ్‌లో 'మందు' అన్న మాట వల్ల రోగులు మందులు మానేసే ప్రమాదం ఉంది, వెబ్‌లో వెంటనే మార్చగలరా?" అనండి. ఏ మాట తప్పు, దాని బదులు ఏం ఉండాలి, ఎందుకు తొందర అన్నది రెండు లైన్లలో రాసి పంపండి. వెబ్‌సైట్‌లో అరగంటలో మారుతుంది. అచ్చులో సవరణ మర్నాడు చిన్నగా వస్తే అదృష్టం. రిపోర్టర్ పలకకపోతే డెస్కు ఇన్‌ఛార్జికి, అక్కడా కాకపోతే ఎడిటర్‌కు లేఖ రాయండి. ప్రెస్ కౌన్సిల్ దాకా వెళ్లే హక్కూ ఉంది గానీ, మిమ్మల్ని చేయని పని చేసినట్టు రాస్తే తప్ప అంత దూరం అక్కర్లేదు. డెకరేషన్ తప్పులను వదిలేయండి. ప్రొఫెసర్ బదులు శాస్త్రవేత్త అని రాసినందుకు గొడవ పెట్టుకుంటే, తర్వాత ఇన్సులిన్ లాంటి తప్పు వచ్చినప్పుడు మీ ఫోన్ ఎవరూ ఎత్తరు.

మీ పరిశోధనే తర్వాత తప్పని తేలితే అదే రిపోర్టర్‌కు మీరే ఫోన్ చేసి చెప్పండి. ఇది చేసినవాళ్లను నా సర్వీసులో ఒక్కరినే చూశాను. ఒక నేల పరీక్షల మాస్టారు, యంత్రంలో లోపం ఉందని తెలిసి రెండు నెలల తర్వాత ఫోన్ చేశారు. మేం సవరణ వేశాం, లోపలి పేజీలో, నాలుగు లైన్లు. ఆ తర్వాత భూమి, ఎరువుల మీద ఏ వార్త వచ్చినా మా జిల్లాలో మొదటి ఫోన్ ఆయనకే వెళ్లేది.

అన్నట్టు, క్లిప్పింగ్ ఆ రోజే కత్తిరించి, ఎడిషన్ పేరు, తేదీ, పేజీ నంబరు రాసి పెట్టుకోండి. జిల్లా పేజీలు వేరే జిల్లాలో దొరకవు, ఈ-పేపర్ లింకులు కొన్నాళ్లకు తెరుచుకోవు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం రేపు వస్తుందనగా ముందు రోజు రాత్రి లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు విప్పుతూ కూర్చున్న లెక్చరర్లు నాకు చాలామంది తెలుసు.